తప్పుల్ని దాచని మేధావి డెన్నిస్ రిచీ

సి భాషను కనుగొన్నది ఎవరు? పాలిటెక్నిక్‌లో చేరినా, డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నా, ఇంజనీరింగ్‌కి కాకినాడ వెళ్లినా మొదట్లోనే ఎదురయ్యే ఒక మార్కు ప్రశ్న ఇది. డెన్నిస్ రిచీ అని రాసి ఆ మార్కు తెచ్చుకుంటాం. పరీక్ష అయ్యాక ఆ పేరు మరచిపోతాం. ఆయన ఎవరి బిడ్డ, ఏం చదివారు, ఏం కష్టపడ్డారు, ఎలా వెళ్లిపోయారు అన్నది మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా ఉండదు. మన చేతిలోని సెల్‌ఫోన్ మొదలు బ్యాంకులోని కంప్యూటర్ వరకూ ఆయన చేసిన పని మీదే నడుస్తున్నాయి. అందుకే మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఆ మహనీయుని జీవితం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

బాల్యం, చదువు

డెన్నిస్ రిచీ 1941 సెప్టెంబర్ 9న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో బ్రాంక్స్‌విల్ అనే ఊళ్లో జన్మించారు. తండ్రి అలిస్టేర్ రిచీ టెలిఫోన్ పరిశోధనలకు పేరుపొందిన బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. స్విచింగ్ సర్క్యూట్ల మీద వచ్చిన ఒక ప్రసిద్ధ గ్రంథ రచయితల్లో ఆయన ఒకరు. డెన్నిస్ న్యూజెర్సీలో పెరిగి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1963లో ఫిజిక్స్ డిగ్రీ పూర్తి చేశారు. అక్కడ చదువుతున్నప్పుడు యూనివాక్ అనే కంప్యూటర్ గురించి విన్న ఒక ఉపన్యాసం ఆయన మనసును అటు తిప్పింది.

తర్వాత హార్వర్డ్‌లోనే పరిశోధన చేసి 1968లో సిద్ధాంత వ్యాసం రాశారు. కానీ దానిని బైండు చేయించి గ్రంథాలయానికి ఇవ్వాలన్న నిబంధనను ఆయన పూర్తి చేయలేదు. దాంతో డాక్టరేట్ పట్టా చేతికి రాలేదు. ఆ వ్యాసం దశాబ్దాల పాటు కనబడకుండా పోయి, ఆయన మరణించిన చాలా ఏళ్లకు బయటపడింది. 2020లో అమెరికాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం దానిని లోకానికి అందించింది. పేరు ముందు డాక్టర్ అని లేకపోయినా ఆయన పని ఆగలేదు.

యునిక్స్ పుట్టుక

1967లో రిచీ తండ్రి పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లోనే చేరారు. అప్పట్లో ఆ సంస్థ ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్‌లతో కలిసి మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేస్తోంది. అది ఎంతకీ తెమలకపోవడంతో 1969లో బెల్ ల్యాబ్స్ తప్పుకుంది. ఆ పని మీద ఉన్న కెన్ థాంప్సన్, రిచీ మొదలైన వారికి చేతిలో మంచి కంప్యూటర్ కూడా లేకుండా పోయింది. ఎవరూ పెద్దగా వాడని ఒక పీడీపీ-7 యంత్రం దొరికితే, థాంప్సన్ దాని మీదే 1969లో ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్రాణం పోశారు. అదే యునిక్స్. తర్వాత వచ్చిన పీడీపీ-11 యంత్రంలో ఉన్న మెమరీ మొత్తం 24 కిలోబైట్లు. ఈ రోజు మనం ఫోన్‌లో పంపుకునే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. పెద్ద సంస్థలు కోట్లు పోసి చేయలేని పనిని వీరు ఆ కాస్త జాగాలో చేసి చూపించారు.

ఇక్కడ కెర్నెల్ అనే మాట తెలుసుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది గుండెకాయ. మన డెల్టాలో ఏ రైతూ గోదావరిలోంచి తన పొలానికి నేరుగా నీరు పెట్టుకోడు. ధవళేశ్వరం దగ్గర నీటిని ఆపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకు వదులుతారు. లాకుల దగ్గర లస్కర్లు తలుపులు ఎత్తుతారు, దించుతారు. ఎవరి వంతు ఎప్పుడు, ఎంత నీరు అన్నది అక్కడ తేలుతుంది. కంప్యూటర్‌లో కూడా అంతే. ఏ ప్రోగ్రామ్ అయినా మెమరీని గానీ డిస్క్‌ను గానీ నేరుగా ముట్టుకోదు. కెర్నెల్‌ను అడగాలి. అది వంతులు చూసి ఇస్తుంది. కాలువ గట్టుకు గండి పడితే ఒక్క చేను కాదు, ఊళ్లకు ఊళ్లే మునుగుతాయి. కెర్నెల్‌లో తప్పు దొర్లితే యంత్రం మొత్తం ప్రమాదంలో పడుతుంది.

సి భాష, దానితో కెర్నెల్

ఆ రోజుల్లో కెర్నెల్‌ను అసెంబ్లీ భాషలో రాసేవారు. అది ఒక్కో యంత్రానికి ఒక్కో రకంగా ఉంటుంది. యంత్రం మారితే రాసిందంతా మళ్లీ మొదటి నుంచి రాయాలి. థాంప్సన్ చేసిన బి అనే భాషను తీసుకుని, దానికి డేటా రకాలు చేర్చి రిచీ కొత్త భాషను రూపొందించారు. అదే సి. ఆ భాషను యంత్ర భాషలోకి మార్చే అనువాదకుడైన కంపైలర్‌ను కూడా ఆయనే రాశారు.

1972లో థాంప్సన్ యునిక్స్ కెర్నెల్‌ను సి భాషలో తిరగరాయబోయి విరమించుకున్నారు. అప్పటికి ఆ భాషలో స్ట్రక్చర్లు లేవు. రిచీ ఆ లోటును గుర్తించి స్ట్రక్చర్లు చేర్చారు. 1973 వేసవి నాటికి కెర్నెల్ సి భాషలోకి వచ్చేసింది. ల్యాబ్‌లో మనం విసుక్కుంటూ నేర్చుకునే స్ట్రక్చర్ల వెనక ఇంత కథ ఉంది. ఆ తర్వాత రిచీ, స్టీఫెన్ జాన్సన్ కలిసి యునిక్స్‌ను ఇంటర్‌డేటా అనే వేరే రకం కంప్యూటర్ మీద కూడా నడిపించారు. ఒక యంత్రం కోసం పుట్టిన వ్యవస్థ ఎన్నో యంత్రాలకు పాకడానికి అది దారి వేసింది. 1978లో బ్రయాన్ కెర్నిగన్‌తో కలిసి రిచీ రాసిన సి పుస్తకం ప్రపంచమంతటా విద్యార్థుల చేతికి చేరింది.

తన తప్పుల చిట్టా తానే

రిచీ జీవితంలో మనం ముఖ్యంగా నేర్చుకోవలసింది ఇక్కడే ఉంది. 1971 నవంబర్‌లో యునిక్స్ మొదటి మాన్యువల్ వెలువడింది. దానిని రాసింది థాంప్సన్, రిచీలే. అందులో ఒక్కో కమాండ్ గురించి ఒక్కో పుట. ఆ పుటల్లో బగ్స్ అని ఒక శీర్షిక పెట్టి, ఆ కమాండ్‌లో తమకు తెలిసిన లోపాలేమిటో వారే అచ్చు వేశారు. సొంత సరుకులో లోపాలు చెప్పుకునే వ్యాపారిని మనం చూసి ఉండం. వీరు చెప్పుకున్నారు. లోపం ఎక్కడుందో తెలిస్తే వాడేవాడు జాగ్రత్త పడతాడు, తెలిసినవాడు సరిచేస్తాడు. ఆ పద్ధతి నేటికీ యునిక్స్ తరహా వ్యవస్థల మాన్యువళ్లలో కొనసాగుతోంది.

సి భాషలోని ఒక లోపాన్ని కూడా ఆయన బాహాటంగా ఒప్పుకున్నారు. బిట్‌వైజ్ ఆండ్ గుర్తునూ, సమానమా అని అడిగే రెండు ఈక్వల్ గుర్తులనూ ఒకే వరుసలో వాడితే ముందుగా జరిగేది సమానమా అన్న పోలిక. బ్రాకెట్లు పెట్టకపోతే జవాబు తప్పుతుంది. మనలో చాలామంది ల్యాబ్‌లో దీని దగ్గర బోల్తా పడ్డవాళ్లమే. పాత బి భాష అలవాటును అలాగే ఉంచేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అప్పటికే రాసి ఉన్న ప్రోగ్రాములు పాడవుతాయని దానిని మార్చలేదు. మార్చి ఉండవలసిందని తర్వాత ఆయన రాశారు. నలుగురూ ఆధారపడ్డాక చిన్న తప్పును దిద్దడం కూడా ఎంత కష్టమో ఇది చెబుతుంది.

కంపైలర్ అతి తెలివి

కంపైలర్ ఉన్నది ఉన్నట్టు అనువదించి ఊరుకోదు. ప్రోగ్రామ్ వేగంగా నడవాలని మనం ఆప్టిమైజేషన్ సెట్టింగ్ పెడితే, తనకు అనవసరం అనిపించిన వాటిని కత్తిరిస్తుంది. రిచీ తన కంపైలర్‌కు కూడా అలాంటి సెట్టింగ్ పెట్టారు. మామూలు ప్రోగ్రాములకు అది మేలే. కెర్నెల్ దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

లస్కరు గంటగంటకూ స్కేలు దగ్గరకు వెళ్లి నీటిమట్టం చూసి రాస్తాడనుకోండి. ఆ స్కేలును మన ఉద్యోగులెవరూ ముట్టుకోలేదు కదా, మళ్లీ చూడడం దేనికి అని గుమస్తా పొద్దున్న రాసిన అంకెనే రోజంతా ఎక్కించేస్తే? ఎగువ నుంచి వరద వచ్చినా పుస్తకంలో కనబడదు. హార్డ్‌వేర్ నుంచి వచ్చే విలువలను కంపైలర్ ఇలాగే ఒకసారి చదివి వదిలేసే ప్రమాదం ఉంది. ప్రతిసారీ వెళ్లి చూడాల్సిందే అని చెప్పడానికి 1989 నాటి అమెరికా ప్రామాణిక సి భాషలో వోలటైల్ అనే మాట చేర్చారు.

ఆ ప్రమాణాన్ని తయారుచేస్తున్న కమిటీ నోఎలియాస్ అనే మరో మాటను కూడా చేర్చబోయింది. దాని వల్ల కంపైలర్‌కు కత్తిరించే స్వేచ్ఛ మరీ పెరిగిపోయి, మంచి ప్రోగ్రాములు కూడా తప్పు జవాబులిచ్చే ప్రమాదం ఉందని రిచీ గ్రహించారు. సాధారణంగా తగాదాలకు దూరంగా ఉండే ఆయన, 1988లో కమిటీకి గట్టిగా అభ్యంతరం తెలుపుతూ లేఖ రాశారు. కమిటీ ఆ మాటను తీసేసింది.

2009 నాటి గండి

ఆయన భయం ఉత్తది కాదని తర్వాతి కాలం రుజువు చేసింది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ యునిక్స్ తరహాలో లినక్స్ కెర్నెల్‌ను మొదలుపెట్టారు. అదీ సి భాషలోనే. 2009 జూలైలో లినక్స్‌లోని టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక లోపం బయటపడింది. కోడ్‌లో ఒక పాయింటర్‌ను ముందు వాడేసి, ఆ తర్వాతి వరుసలో అది నల్ అవునా కాదా అని తనిఖీ చేశారు. ఉత్తరం ఇచ్చేసి వచ్చాక కవరు మీద చిరునామా ఉందా అని చూసినట్టు. జీసీసీ కంపైలర్ ఏమనుకుంది? ఉత్తరం ఇచ్చేశారంటే చిరునామా ఉండే ఉంటుంది, ఇక తనిఖీ దండగ అని ఆ తనిఖీనే కత్తిరించేసింది. సి భాష నిబంధనల ప్రకారం అలా చేసే హక్కు దానికి ఉంది. కానీ ఆ సందులోంచి మామూలు వాడకందారు యంత్రం మొత్తాన్ని చేజిక్కించుకునే వీలు ఏర్పడింది. చదివేవారికి కోడ్‌లో తనిఖీ కనబడుతూనే ఉంది. నడిచే యంత్ర భాషలో మాత్రం లేదు!

కెర్నెల్ నిర్వాహకులు రెండు పనులు చేశారు. ఒకటి, వరుసలు సరిచేసి తనిఖీ ముందు జరిగేలా చూశారు. రెండు, నల్ తనిఖీలను తొలగించవద్దు అనే కంపైలర్ సెట్టింగ్‌ను కెర్నెల్ మొత్తానికి పెట్టేశారు. ఒక గండి పూడ్చి ఊరుకోకుండా గట్టు పొడవునా పటిష్ఠం చేయడమంటే ఇదే. దిద్దుబాటు అక్కడితో ఆగలేదు. అంతవరకూ 1989 నాటి ప్రమాణంతోనే కంపైల్ అవుతున్న లినక్స్ కెర్నెల్ 2022లో 2011 నాటి ప్రమాణానికి మారింది. అదే ఏడాది చివర, మెమరీ తప్పులను కంపైలర్ స్థాయిలోనే చాలావరకు అడ్డుకునే రస్ట్ అనే భాషకు కూడా కెర్నెల్‌లో చోటు దొరికింది.

సన్మానాలు, చివరి రోజులు

1983లో రిచీ, థాంప్సన్‌లకు కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు లభించింది. 1999లో అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా వారిద్దరూ నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ అందుకున్నారు. 2007లో రిచీ పదవీ విరమణ చేశారు. ఆయన వివాహం చేసుకోలేదు. 2011 అక్టోబర్ 12న న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో తన ఇంట్లో మరణించి ఉండగా కనుగొన్నారు. వయసు 70 సంవత్సరాలు. అంతకు వారం ముందే ఆపిల్ సంస్థ అధినేత స్టీవ్ జాబ్స్ కన్నుమూశారు. ఆ వార్త ప్రపంచమంతా మార్మోగింది. రిచీ మరణం కంప్యూటర్ వృత్తిలో ఉన్నవారికి తప్ప ఎక్కువమందికి తెలియనే లేదు. ఆపిల్ యంత్రాల్లో ఉన్నది కూడా యునిక్స్ వంశానికి చెందిన వ్యవస్థే!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిందని మనందరికీ తెలుసు. ఆ తర్వాత నూట డెబ్బై ఏళ్లుగా కాలువలు కట్టేసిన వేసవుల్లో పూడిక తీసినవారి పేర్లు, 1986 వరదలో గండ్ల దగ్గర ఇసుక బస్తాలు మోసినవారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వారిలో మన తాతలూ, నాన్నలూ ఎందరో ఉన్నారు. కట్టడం గొప్ప పనే, దానిని కాపాడడమూ అంత గొప్ప పనే. రిచీ రెండూ చేశారు. కాబట్టి ల్యాబ్‌లో ఎర్రర్ వస్తే పక్కవాడి రికార్డు చూసి కాపీ కొట్టి దాచేయకండి. కంపైలర్ ఇచ్చే వార్నింగులను పూర్తిగా కనబడేలా పెట్టుకుని, ఒక్కొక్కటీ చదివి, ఎందుకు వచ్చిందో తెలుసుకోండి. రికార్డు పుస్తకం చివర రెండు పేజీలు వదిలి, మీ ప్రోగ్రామ్‌లో ఇంకా మిగిలి ఉన్న లోపాలు మీరే రాయండి. వచ్చే ఏడాది అదే ల్యాబ్‌లో కూర్చునే మన హాస్టల్ పిల్లలకు ఆ రెండు పేజీలు ఎంతో ఉపయోగపడతాయి.