మూత బిగిస్తే సరిపోదు

వేసవి ముదిరే కొద్దీ కోడుమూరు ఇళ్లలో జాడీల పని మొదలవుతుంది. మిద్దె మీద గోరుచిక్కుడు, కాకర వరుగులు ఎండుతుంటాయి. పక్కనే మజ్జిగలో నానిన మిరపకాయలు. ఆ తర్వాత మామిడి ఊరగాయ. హంద్రీలో నీళ్లు అడుగంటే ఈ నెలల్లో దాచుకున్నదే వానాకాలంలో, చలికాలంలో అన్నంలోకి ఆదరువు.

ఈ మధ్య కొన్ని ఇళ్లలో ఇంకో ప్రయత్నం కనిపిస్తోంది. ఉప్పూ నూనే ఎక్కువ లేకుండా బీన్స్, క్యారెట్, బఠాణీ గాజు సీసాల్లో నింపి, ఉడకబెట్టి, మూత బిగించి నెలల తరబడి దాచుకోవాలని చూస్తున్నారు. బీపీ ఉన్నవాళ్లకు ఈ ఆలోచన మరీ నచ్చుతుంది. ఈ పద్ధతిని ప్రపంచానికి ఇచ్చింది ఒక ఫ్రెంచి వంటమనిషి. పేరు నికొలా అపెర్. ఆయనకు తెలిసింది ఏమిటో, తెలియనిది ఏమిటో చూస్తే మనం ఎక్కడ జాగ్రత్త పడాలో అర్థమవుతుంది.

వంటింట్లోనే ప్రయోగశాల

అపెర్ 1749లో ఫ్రాన్స్‌లోని షాలోన్ పట్టణంలో పుట్టారు. తండ్రి పూటకూళ్ల ఇల్లు నడిపేవారు. వంట, సారాయి సీసాలు, నేలమాళిగలో సరుకుల నిల్వ చిన్నప్పటి నుంచీ చూసిన పనులే. ఒక ప్రభువు కొలువులో వంటవాడిగా పనిచేశాక, 1784లో పారిస్ చేరి మిఠాయి దుకాణం పెట్టారు. ఫ్రెంచి విప్లవంలో పాల్గొన్నారు. 1794లో కొన్నాళ్లు జైల్లో కూడా ఉన్నారు.

అప్పట్లో ఆహారం నిల్వ ఉండాలంటే ఉప్పు, పంచదార, పొగ, ఎండ, పులుపు ఉండాల్సిందే. వీటితో రుచి మారిపోతుంది. కాయగూర కాయగూరలాగే ఉండాలన్నది అపెర్ పట్టుదల. బయటికొచ్చాక దుకాణం పని తగ్గించుకుని, 1795 ప్రాంతంలో ప్రయోగాలకు దిగారు.

మందమైన గాజు సీసాల్లో బఠాణీ, చిక్కుడు, పండ్లు, పాలు, మాంసం నింపేవారు. బిరడా దిగ్గొట్టి, తీగతో కట్టి, సీసాలు ఒకదానికొకటి తగిలి పగలకుండా గుడ్డ చుట్టి, మరిగే నీళ్లలో ఉంచేవారు. ఏ పదార్థానికి ఎంతసేపు అన్నది చేసి చూసి నేర్చుకున్నదే. చదివి తెలుసుకోవడానికి అప్పటికి ఏ పుస్తకమూ లేదు.

తర్వాత పారిస్ దగ్గరి మాసీలో ఫ్యాక్టరీ పెట్టారు. చుట్టూ తోటలు వేసి, కోసిన కూరగాయలు వాడిపోకముందే సీసాల్లోకి ఎక్కించేవారు. ఫ్రెంచి నౌకాదళం ఆ సీసాలను పరీక్షించి బాగున్నాయని తేల్చింది.

బహుమతి వచ్చింది, డబ్బు నిలవలేదు

1810లో ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. పద్ధతిని దాచుకోకుండా పుస్తకంగా అచ్చువేయాలన్నది షరతు. అపెర్ ఒప్పుకుని అదే ఏడాది పుస్తకం తెచ్చారు. అదే 1810లో లండన్‌లో పీటర్ డ్యురాండ్ ఇదే తరహా పద్ధతికి, రేకు డబ్బాలను కూడా చేర్చి పేటెంటు తీసుకున్నారు. డబ్బాల వ్యాపారం ఇంగ్లండులో పెరిగింది.

నెపోలియన్ ఓడిపోయే రోజుల్లో శత్రుసేనలు పారిస్ చుట్టుపక్కలకు వచ్చినప్పుడు మాసీ ఫ్యాక్టరీ దెబ్బతింది. అపెర్ మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అప్పులపాలయ్యారు. మానవాళికి మేలు చేసినవాడన్న బిరుదు 1822లో దక్కినా, చివరి రోజులు పేదరికంలోనే గడిచాయి. 1841లో 91 ఏళ్ల వయసులో మాసీలో కన్నుమూశారు. పేదలను పూడ్చే ఉమ్మడి గోతిలోనే ఆయననూ పూడ్చారు.

ఆయనకు తెలియనిది

గాలి తగలకుండా వేడి చేస్తే ఆహారం చెడదన్నది అపెర్ నమ్మకం. ఎందుకు చెడదో చెప్పలేకపోయారు. చెడగొట్టేది కంటికి కనిపించని సూక్ష్మజీవులని లూయీ పాశ్చర్ 1860లలో నిరూపించారు. అప్పటికి అపెర్ పోయి సుమారు ఇరవై ఏళ్లు.

మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. క్లాస్ట్రీడియం బాట్యులినం అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది, కూరగాయలకు అంటుకుని వంటింట్లోకి వస్తుంది. దాని బీజాలు మరిగే నీళ్లలో కూడా చావవు. గాలి లేని చోట, పులుపు తక్కువ ఉన్న ఆహారంలో అవి మొలిచి విషం తయారు చేస్తాయి. బీన్స్, బఠాణీ, క్యారెట్ నింపి మూత బిగించిన సీసాలో సరిగ్గా ఈ పరిస్థితే ఉంటుంది. సీసాలోని కూర వాసన, రంగు మారకుండానే విషపూరితం కావచ్చు. ఈ బీజాలను చంపాలంటే ఒత్తిడి కింద సుమారు 121 డిగ్రీల సెల్సియస్ వేడి, తగినంత సేపు అందాలి. ఫ్యాక్టరీలు అలాగే చేస్తాయి. ఇంటి కుక్కర్‌లో సీసా నడిమధ్యకు ఎంత వేడి చేరిందో, ఎంతసేపు నిలిచిందో మనకు తెలిసే వీలు లేదు.

మన మామిడి ఊరగాయను పులుపు, ఉప్పు కాపాడతాయి. ఆహారం పీహెచ్ 4.6 కన్నా తక్కువగా ఉంటే ఈ బ్యాక్టీరియా పెరగదు. వరుగులను కాపాడేది తడి లేకపోవడమే.

ఇంట్లో ఇలా చేయండి

• బీన్స్, బఠాణీ, క్యారెట్ లాంటివి సీసాల్లో ఉడకబెట్టి బయట నిల్వ పెట్టొద్దు. ఫ్రీజర్‌లో పెట్టుకోండి, లేదా వరుగులు చేసుకోండి.

• టమాటాల పులుపు అన్నింటిలో ఒకేలా ఉండదు. చౌకగా దొరికినప్పుడు ఎండబెట్టుకోండి, లేదా చింతపండు, ఉప్పు దట్టించి పచ్చడి పెట్టుకోండి.

• పులుపు, ఉప్పు లేకుండా ఒట్టి నూనెలో నానబెట్టిన వెల్లుల్లిని బయట ఉంచొద్దు.

• జాడీ, గరిటె పూర్తిగా ఆరాకే వాడండి. ఉబ్బిన డబ్బా, మూత లేచిన సీసా కనిపిస్తే రుచి చూడకుండానే పారేయండి.

• బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఊరగాయలో ఉప్పు తగ్గించి పెట్టుకోవద్దు, తినే ఊరగాయనే తగ్గించుకోండి. ఉప్పు తగ్గిస్తే జాడీ మొత్తం చెడుతుంది.

• నిల్వ ఆహారం తిన్నాక చూపు రెండుగా కనిపించినా, రెప్పలు వాలినా, మాట తడబడినా, మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఏం తిన్నారో డాక్టరుకు చెప్పండి. ఈ విషానికి విరుగుడు మందు ఉంది. ఎంత త్వరగా పడితే అంత మేలు.