జేబులో కాగితం.. సరైన రోజు కోసం!

అప్లికేషన్లు పెట్టీ పెట్టీ విసిగిపోయారా? మెయిల్ తెరిచిన ప్రతిసారీ అదే రిజెక్షన్ లెటరా? అయితే జార్జ్ నోరిస్ గురించి మీరు తెలుసుకోవాలి. ఒకే పని కోసం దాదాపు పన్నెండేళ్లు తిరిగిన అమెరికా సెనేటర్ ఈయన. ఇద్దరు అధ్యక్షులు కాదన్నా వదల్లేదు.

పొలం నుంచి కోర్టుకి

నోరిస్ 1861లో ఒహాయో రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టారు. మూడేళ్ల వయసులో తండ్రి పోయారు. అన్న అంతర్యుద్ధంలో చనిపోయాడు. ఇల్లూ పొలమూ తల్లి మీద పడ్డాయి. నోరిస్ పక్కవాళ్ల పొలాల్లో పని చేశారు, బడిలో పాఠాలు చెప్పారు, అలా డబ్బు కూడబెట్టుకుంటూనే 1883లో లా డిగ్రీ తెచ్చుకున్నారు. రెండేళ్లకు నెబ్రాస్కా చేరి లాయరుగా, తర్వాత జడ్జిగా ఎదిగారు. ప్రతినిధుల సభలో అడుగుపెట్టేసరికి నలభై దాటాయి. ఇరవై మూడేళ్లకే సెటిల్ కాలేదని దిగులుపడేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోండి.

సిద్ధంగా ఉన్నవాడిదే అవకాశం

అప్పట్లో సభ మొత్తం స్పీకర్ జోసెఫ్ కానన్ గుప్పిట్లో ఉండేది. కమిటీల్లో ఎవరుండాలో ఆయనే చెప్పాలి. ఏ బిల్లు చర్చకు రావాలో తేల్చే రూల్స్ కమిటీకీ ఆయనే అధ్యక్షుడు. కానన్‌దీ నోరిస్‌దీ ఒకే పార్టీ. అయినా స్పీకర్‌ని ఆ కమిటీ నుంచి తప్పించాలంటూ నోరిస్ ఒక తీర్మానం రాసి కోటు జేబులో పెట్టుకున్నారు. దాన్ని సభలో పెట్టే దారి మాత్రం దొరకలేదు. కాగితం నలిగిపోయింది కానీ జేబులోంచి తీసెయ్యలేదు.

1910 మార్చిలో ఆ రోజు వచ్చింది. జనాభా లెక్కల అంశం రాజ్యాంగంలో ఉంది కాబట్టి దానికి ముందు చోటివ్వాలని కానన్ వర్గం వాదించి నెగ్గింది. నోరిస్ వెంటనే లేచారు. సభ తన నియమాలు తనే రాసుకోవాలన్నదీ రాజ్యాంగంలోనే ఉంది కదా, మరి నా తీర్మానానికీ అదే హక్కు ఉండాలి అన్నది ఆయన లాజిక్. ఎదుటివాళ్ల వాదనే వాళ్లకు తిరిగి తగిలింది. రాత్రంతా చర్చ నడిచింది. చివరికి 191-156 ఓట్లతో తీర్మానం గెలిచింది.

సీటు పోయినా సరే

1913లో సెనేటర్ అయ్యారు. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేటప్పుడు సెనేట్‌లో వద్దని ఓటేసినవాళ్లు ఆరుగురే. వాళ్లలో నోరిస్ ఒకరు. దేశద్రోహి అన్నారు. ఆయన దాక్కోలేదు. సొంత రాష్ట్రానికి వెళ్లి, సభ పెట్టి, తన నిర్ణయానికి కారణాలు జనానికి వివరించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఓటర్లు మళ్లీ ఆయన్నే గెలిపించారు.

నది ఎవరిది?

అసలు పోరాటం ఇక్కడుంది. యుద్ధ సమయంలో పేలుడు పదార్థాలకు కావాల్సిన నైట్రేట్ల కోసం ప్రభుత్వం అలబామాలో, టెనెసీ నది మీద మజిల్ షోల్స్ దగ్గర డ్యామ్ మొదలుపెట్టింది. పని పూర్తికాకముందే యుద్ధం అయిపోయింది. 1921లో కార్ల కంపెనీ అధినేత హెన్రీ ఫోర్డ్ ఆ ప్రాజెక్టు తనకిమ్మని అడిగారు. ఖర్చుతో పోలిస్తే ఆయన ఇస్తానన్నది చాలా తక్కువ. నోరిస్ అడ్డుపడ్డారు. వరద నియంత్రణ, పడవల రవాణా, కరెంటు.. మూడింటినీ ఒకే సిస్టమ్‌గా చూడాలి, లాభం జనానికి చేరాలి అన్నది ఆయన పట్టు.

1928లో బిల్లు కాంగ్రెస్‌లో గెలిస్తే అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం పెట్టలేదు. 1931లో మళ్లీ గెలిస్తే హూవర్ వీటో చేశారు. 1933లో రూజ్‌వెల్ట్ సంతకం పెట్టారు. అలా పుట్టిందే టెనెసీ వ్యాలీ అథారిటీ. అది కట్టిన మొదటి డ్యామ్‌కి నోరిస్ పేరే పెట్టారు. మన దేశంలో 1948లో వచ్చిన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కి నమూనా ఇదే.

1930ల మధ్యలో అమెరికాలో పదింట తొమ్మిది పొలాలకు కరెంటు లేదు. ఇళ్లు దూరదూరంగా ఉంటాయి, లైన్లు వేస్తే గిట్టదని ప్రైవేటు కంపెనీలు చేతులెత్తేశాయి. నోరిస్ ముందుండి నడిపిన 1936 చట్టంతో ప్రభుత్వ అప్పు తీసుకుని రైతుల సహకార సంఘాలే లైన్లు వేసుకున్నాయి. మన సిరిసిల్లలో కరెంటు ఇచ్చే 'సెస్' కూడా సహకార సంఘమే.

మీ ఆఫర్ లెటర్‌కీ సంబంధం ఉంది

అప్పట్లో చాలా కంపెనీలు యూనియన్‌లో చేరబోమని సంతకం పెడితేనే ఉద్యోగం ఇచ్చేవి. నోరిస్, లాగ్వార్డియా కలిసి తెచ్చిన 1932 చట్టంతో అక్కడి ఫెడరల్ కోర్టుల్లో ఆ ఒప్పందాలు చెల్లకుండా పోయాయి. ఆఫర్ వచ్చిన సంతోషంలో బాండ్ షరతులు చదవకుండా సంతకం పెట్టేసేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

1942లో, 81 ఏళ్ల వయసులో నోరిస్ ఎన్నికల్లో ఓడిపోయారు. రెండేళ్లకు కన్నుమూశారు. చివరి ఇంటర్వ్యూ ఆయన కూడా పాస్ కాలేదన్నమాట! అయినా ఆయన డ్యామ్ నుంచి ఇప్పటికీ కరెంటు వస్తోంది.

మరి మీ జేబులో ఏముంది? సగంలో ఆపేసిన ప్రాజెక్టా, ఎవరూ చూడలేదని పక్కన పెట్టిన కోడా? ఈ వారమే బయటికి తీసి, పనిచేసే స్థితికి తెచ్చి పెట్టుకోండి. పిలుపు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు, ఆ రోజుకి కాగితం రెడీగా ఉండటం మాత్రం మన పనే.