వి.వి.గిరి

వరాహగిరి వేంకటగిరి (ఆగస్టు 10, 1894 - జూన్ 24, 1980) భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి, కార్మికోద్యమ నాయకుడు. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించి ప్రసిద్ధుడయ్యాడు.

బాల్యము, విద్య

గిరి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన గంజాం జిల్లా బరంపురంలో (ప్రస్తుతం ఒడిషా) జన్మించాడు. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. 1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లాండులోని డబ్లిన్ వెళ్ళాడు. అక్కడి స్వాతంత్ర్యోద్యమకారులతో సంబంధాల కారణంగా 1916లో ఆ దేశము విడిచి రావలసి వచ్చింది. తిరిగివచ్చిన తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశాడు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యాడు.

బొబ్బిలి ఎన్నిక

1935 చట్టము ప్రకారము 1937లో రాష్ట్ర శాసనసభలకు ఎన్నికలు జరిగాయి. వయోజనులందరికీ ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్నవారికే ఉండేది. అటువంటి పరిస్థితిలో జమీందారును అతని సొంత సంస్థానములో ఎదిరించుట సామాన్య విషయము కాదు. జస్టిస్ పార్టీ నాయకుడైన రాజా రామకృష్ణ రంగారావు 1932 నుండి, మధ్యలో కొద్ది నెలలు మినహా, ప్రధానమంత్రిగా ఉన్నాడు. కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచిన గిరి అతనిని ఓడించాడు. శాసనసభలోని 215 స్థానాలలో కాంగ్రెసుకు 159 దక్కాయి. రాజాజీ మంత్రివర్గములో గిరి కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి అయ్యాడు. 1939లో ఆ మంత్రివర్గము రాజీనామా చేసింది.

పార్వతీపురం ఓటమి

1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954లో పదవి వదులుకున్నాడు. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గములో పోటీచేశాడు. అందులో ఒక స్థానము షెడ్యూల్డు తెగలకు కేటాయించబడింది. అయితే రెండవ స్థానము కూడా గిరి కంటె ఎక్కువ ఓట్లు పొందిన గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకే లభించింది. గిరి న్యాయస్థానమును ఆశ్రయించాడు. రిజర్వేషను గిరిజనులను సాధారణ స్థానము నుండి మినహాయించదని 1959లో సుప్రీంకోర్టు స్పష్టము చేసింది. ఒకనాడు రాజును ఓడించిన నాయకుడు ఈసారి కొండప్రాంతపు ఓటరు తీర్పుకు తలవంచవలసి వచ్చింది.

రాష్ట్రపతిగా

ఉత్తర ప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యాడు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా, ద్వితీయ ప్రాధాన్యత ఓట్ల లెక్కింపు తరువాత, నీలం సంజీవరెడ్డిపై గెలుపొందాడు. ఆ ఎన్నికను సవాలు చేసిన కేసులో పదవిలో ఉండగానే స్వయంగా సుప్రీంకోర్టుకు వెళ్ళి సాక్ష్యమిచ్చాడు. కేసు కొట్టివేయబడింది. 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నాడు. 1975లో భారతరత్న పొందాడు. 1980లో మద్రాసులో మరణించాడు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు అతని పేరు పెట్టారు.