షెట్లండు శాలువకు పేరు తెచ్చిన ఆర్థర్ ఆండర్సన్

ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలో తులమనగా ఎంతయో మన జిల్లాలోని బాలబాలికలెల్లరును ఎఱుగుదురు. ఆఱు తులముల బంగారమును పిడికిటిలో దాచవచ్చును. పులివెందుల ప్రాంతమున గొఱ్ఱెల కాపరులు కప్పుకొను నల్లగొంగడిని ఒకమాఱు భుజమున వేసికొని చూచినవారికి ఊలు వస్త్రము ఎంత బరువుండునో తెలియును. అయితే ఆఱడుగుల పొడవును ఆఱడుగుల వెడల్పును గల ఊలు శాలువ యొకటి ఆఱు తులములు మాత్రమే తూగుననియు, దానిని ప్రోగుచేసి పెండ్లి యుంగరములో దూర్చి ఈవలినుండి ఆవలికి లాగవచ్చుననియు చెప్పినచో నమ్మువారు అరుదు. ఇది కట్టుకథ కాదు. స్కాట్లండు దేశమునకు ఉత్తరమున సముద్రమధ్యమందున్న షెట్లండు ద్వీపములలోని స్త్రీలు చేతితో అల్లిన శాలువలు అట్టివి. ఆ ద్వీపములందు పుట్టి, ఆ స్త్రీల చేతిపనికి లోకమున పేరు తెచ్చుటకు పాటుపడిన వారిలో ముఖ్యుడు ఆర్థర్ ఆండర్సన్. ఆయన జీవితమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా తెలుపదలచితిమి.

షెట్లండు అనునది ఒక్క ద్వీపము గాదు. చిన్నవియు పెద్దవియు కలిసి నూటికి పైగా ద్వీపములు గలవు. అచ్చట చెట్లు మిక్కిలి తక్కువ, గాలి విస్తారము. శీతకాలపు నడిమి దినములలో పగలు ఆఱు గంటలకు మించదు. నేల సారవంతము కానందున, పురుషులు చేపల వేటకై సముద్రముమీదికి పోవుచుండిరి. స్త్రీలు ఇల్లు, పొలము, పశువులను చూచుకొనుచు, తీఱిక దొరికినపుడెల్ల ఊలు అల్లుచుండిరి. వంటచెఱకునకై బీటి నేలలో త్రవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలను గంపలతో వీపున మోసికొని వచ్చునపుడు సైతము వారి చేతులు ఊరకుండెడివి కావు. నడుమునకు కట్టుకొన్న తోలుపట్టెయందలి రంధ్రములో ఒక సూదిని నిలిపి, నడచుచునే అల్లుకొనుచు పోవుచుండిరి.

ఇట్టి దేశమున, లెర్విక్ పట్టణమునకు చేరువనున్న గ్రెమిస్టాలో, 1792వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఆండర్సన్ జన్మించెను. ఆయన తండ్రి రాబర్టు, బోల్టు అను వర్తకుని క్రింద చేపలు ఎండబెట్టు పనిని చూచుచుండెను. బాలుడు కూడ చిన్ననాటనే ఆ పనిలో ప్రవేశించి, సముద్రపు ఒడ్డున గులకఱాళ్లపై చేపలను పఱచుట, వాన వచ్చినపుడు ప్రోగుచేయుట చేయుచుండెను. వాని చుఱుకుదనమును చూచి బోల్టు వానిని తన కచ్చేరిలో వ్రాతపనికి తీసికొనెను. 1808లో, పదునాఱేండ్ల ప్రాయమున, ఆండర్సన్ నౌకాసైన్యములో చేరుటకు బయలుదేఱెను. అప్పుడు బోల్టు, మంచిగా నడచుకొనవలెననియు, చేపట్టిన పనిని విడువక సాగింపవలెననియు వానికి హితవు చెప్పి పంపెను. ఆ రెండు మాటలను ఆయన తుదివఱకు మఱవలేదు.

1815లో యుద్ధము ముగియగా, నౌకాసైన్యమునుండి వేలకొలది మనుష్యులు సెలవు పుచ్చుకొనవలసి వచ్చెను. వారిలో ఆండర్సన్ ఒకడు. పోర్ట్స్‌మతు రేవున దిగి, బండికూలికి డబ్బు లేనందున కాలినడకనే లండను చేరెను. ఆ మహాపట్టణములో పని దొరకక కొంతకాలము ఆకలితో గడపెను. పిదప బంధువొకని సాయమున ఓడల యజమానులతో పరిచయము కలిగి, విల్కాక్సు అను ఓడల దళారి యొద్ద గుమాస్తాగా కుదిరెను. 1822లో మేరీ ఆన్ హిల్ అను కన్యను పెండ్లాడెను. కొలది కాలములోనే గుమాస్తాయే యజమానితో భాగస్థుడయ్యెను.

తెఱచాపలు పోయి ఆవిరియోడలు వచ్చుచున్న కాలమది. విల్కాక్సును ఆండర్సనును స్పెయిను, పోర్చుగలు దేశములకు ఆవిరియోడలు నడపి, 1837లో ఆ దేశములకు ఉత్తరములు చేర్చుటకై దొరతనమువారితో ఒడంబడిక చేసికొనిరి. 1840లో వారి సంఘము తూర్పు దేశములకు కూడ ఓడలు నడుపుటకు రాజశాసనము పొందెను. అదియే మన పెద్దలు పీ అండ్ ఓ కంపెనీ అని పిలిచినది. 1842లో హిందోస్తాన్ అను ఓడ ఇంగ్లాండునుండి కలకత్తాకు బయలుదేఱెను. అప్పటికి సూయజు కాలువ లేదు. ప్రయాణికులు అలెగ్జాండ్రియాలో దిగి, నైలు నదిమీదను, ఎడారి త్రోవను పోయి, సూయజు రేవున మఱియొక ఓడ ఎక్కవలెను. అచ్చటి ఓడలకు వలయు బొగ్గును ఒంటెలు మోసెడివి. ఆ ఓడలు చెన్నపట్టణమున కూడ ఆగుచుండెను. నెలలతరబడి ఎదురుచూడవలసిన ఉత్తరములు వారముల లెక్కకు వచ్చెను.

ఆ కంపెనీ చరిత్రమున మెచ్చరాని సంగతియు నొకటి కలదు. హిందూదేశపు నల్లమందును చైనాకు మోసి అది విస్తారముగా లాభము గడించెను. గొప్పవారి జీవితములను చెప్పునపుడు వారి మేలును మాత్రమే చెప్పి తక్కినదానిని దాచుట విద్యార్థులకు మేలు గాదని యెంచి దీనిని వ్రాసితిమి.

ఇక శాలువల సంగతికి వత్తము. ధనము వచ్చినను ఆండర్సన్ తన పుట్టినయూరిని మఱవలేదు. షెట్లండు ప్రజల బీదతనమునకు వారి సోమరితనము కారణము కాదని ఆయన ఎఱుగును. భూస్వామికి శిస్తు ఇచ్చు కాపు, ఆ భూస్వామి కొఱకే చేపలు పట్టవలెను. అతడు కట్టిన ధరకే ఇయ్యవలెను. స్త్రీలు అల్లిన వస్తువును వర్తకుడు రొక్కమునకు కొనెడివాడు కాడు. తన అంగడిలోని తేయాకును, గుడ్డలను, తానే ధర కట్టి ఇచ్చెడివాడు. శిస్తు చెల్లించుటకును ధాన్యము కొనుటకును రొక్కము కావలసిన స్త్రీ, ఆ తేయాకును ఇంటింట త్రిప్పి తక్కువ ధరకు అమ్ముకొనవలసి వచ్చెడిది. వేళ్లు అరుగునట్లు పనిచేసినను చేతికి కాసు రాలేదు.

దీనికి దానధర్మములు మందు కావని ఆండర్సన్ తలంచెను. 1836లో ఆ ద్వీపములవారి కొఱకు మొట్టమొదటి వార్తాపత్రికను లండనులో అచ్చు వేయించి, వారి కష్టములను అందు ప్రకటించెను. 1837లో ఒక చేపల కంపెనీ స్థాపించి, బెస్తలు ఎవరికిని కట్టుబడక తమ చేపలకు తగిన వెల పొందునట్లు చేయ ప్రయత్నించెను. ఆ కంపెనీ చిరకాలము నిలువలేదు. ఆ సంవత్సరముననే, నూతనముగా సింహాసన మెక్కిన విక్టోరియా రాణికి షెట్లండు స్త్రీలు అల్లిన మిక్కిలి సన్నని మేజోళ్లను కానుకగా పంపెను. రాణి వానిని మెచ్చుకొనెను. రాణి ధరించినదానిని దొరసానులెల్లరు కోరుట లోకసహజము గదా! పిదప కొలది యేండ్లలోనే షెట్లండు సన్నపు అల్లికలకు, ముఖ్యముగా లేసు శాలువలకు, ఇంగ్లాండున గిరాకి పెరిగెను. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున కూడ అవి చూపబడెను.

అట్టి శాలువ తయారగు విధము వినదగినది. షెట్లండు గొఱ్ఱె చిన్నది. వేసవి మొదట దాని ఊలు తనంతట వదులగును. అప్పుడు కత్తెర వేయక చేతితోనే మెల్లగా పెఱుకుదురు. మెడ యొద్ద ఊలు అన్నిటికంటె మెత్తనిది. శాలువకు దానినే ఏరి తీయుదురు. దానిని దువ్వి, రాట్నముపై వెండ్రుకవలె సన్నగా వడుకుదురు. ఉన్‌స్ట్ అను ఉత్తరపు ద్వీపమువారు ఈ వడుకుటలో ప్రసిద్ధులు. అల్లునపుడు దారమును సూదిపై ఒకమాఱు చుట్టిన రంధ్రము ఏర్పడును. ప్రక్కనున్న రెండు కుట్లను ఒకటిగా కలిపిన లెక్క సరిపడును. రంధ్రము చేయుట, కలుపుట అను ఈ రెండు పనులతోనే అలలు, పక్షికన్ను, పిల్లి అడుగు మొదలగు పూలన్నియు పుట్టును. అంచు, నడిమి భాగము, వాని మధ్యనుండు పట్టె అన్నియు లెక్క తప్పకుండ కలియవలెను. ఒక్క కుట్టు జారినను క్రిందివఱకు చీలిపోవును. అల్లుట ముగిసినపుడు శాలువ ముడుతలు పడిన గుడ్డపేలికవలె నుండును. దానిని ఉదికి, తడిగానుండగనే కొయ్యచట్రమునకు నాలుగు వైపుల లాగి కట్టి ఆరబెట్టుదురు. అప్పుడుగాని అందలి పూలు విచ్చుకొనవు. ఒక శాలువకు శీతకాలమంతయు పట్టుట కలదు.

ఆండర్సన్ గిరాకిని తెచ్చెను గాని వర్తకుల పద్ధతి వెంటనే మాఱలేదు. ఆయన మరణించిన నాలుగేండ్లకు, 1872లో, దొరతనమువారు విచారణాధికారిని లెర్విక్ పంపినపుడు, అనేకులగు అల్లిక స్త్రీలు వచ్చి, తమకు రొక్కము కాక వస్తువులే ముట్టుచున్నవని సాక్ష్యమిచ్చిరి. కావున పనికి పేరు వచ్చుట వేఱు, పనిచేసినవానికి ప్రతిఫలము ముట్టుట వేఱు. ఈ సంగతి మనకు దూరమైనది కాదు. మన ఆంధ్రదేశముననే నరసాపురము ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్దమందు మిషనరీల కుటుంబముల స్త్రీలు నేర్పిన లేసు అల్లిక, వేలకొలది యిండ్లలో నేటికిని సాగుచున్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. అయినను దారమిచ్చి, అల్లిన లేసును తీసికొనిపోవు మధ్యవర్తుల చేతులు దాటి ఆ స్త్రీలకు చేరునది స్వల్పమేయని, మరియా మీస్ అను పండితురాలు 1982లో ప్రకటించిన గ్రంథమున చూపెను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల మగ్గముల సంగతియు ఇట్టిదే. సావుకారు ఇచ్చిన నూలుతో నేసి, ఆ అప్పు తీఱక, తాను నేసిన చీర తన యింటి ఆడువారికి కట్టనీయలేని నేతగాని సంగతి మనలో అనేకులకు తెలిసినదే.

ఆండర్సన్ 1847 మొదలు 1852 వఱకు ఆర్క్నీ, షెట్లండు ద్వీపముల పక్షమున పార్లమెంటు సభ్యుడుగా నుండెను. 1862లో విల్కాక్సు మరణింపగా కంపెనీకి అధ్యక్షుడయ్యెను. ఆ సంవత్సరముననే లెర్విక్‌లో ఆయన ద్రవ్యముతో కట్టిన విద్యాలయము తెఱవబడెను. చేపలు ఎండబెట్టిన బాలునకు దొరకని చదువు, వానివంటి పిల్లలకు దొరకవలెనని ఆయన కోరిక. అది నేడు ఆండర్సన్ ఉన్నత పాఠశాలయను పేర నడచుచున్నది. బోల్టు చెప్పిన హితవే దాని ఆదర్శవాక్యము. 1864లో భార్య గతింపగా, ఆమె జ్ఞాపకార్థము 1865లో, సముద్రమున భర్తలను పోగొట్టుకొన్న స్త్రీల కొఱకు ఇండ్లు కట్టించెను. ఆ విధవలలో అనేకులకు అల్లిక సూదులే జీవనాధారమని మనము ఊహింపవచ్చును. 1868 ఫిబ్రవరి 27వ తేదీన ఆయన పరలోకగతుడయ్యెను. సూయజు కాలువ త్రవ్వవలెనని ఆయన చాలకాలముక్రిందటనే వాదించియుండెను. అది 1869లో తెఱవబడుట చూడలేదు. ఆయన పుట్టిన ఇల్లు పిదప ఆ ద్వీపముల ఊలు పనులను చూపు ప్రదర్శనశాలగా మార్చబడెను.

ఈ జీవితమునుండి మా విద్యార్థులు గ్రహింపదగినది ఏమి? ఆండర్సన్ బీదవానిగా పుట్టి ధనవంతుడయ్యెనని మాత్రము కాదు. అట్టివారు అనేకులు గలరు. తాను ఆకలిగొన్న దినములను జ్ఞాపకముంచుకొని, తన వారికి భిక్షము పెట్టుటకంటె వారి చేతిపనికి వెల తెచ్చుట మేలని యెఱిగెను. ఆ ప్రయత్నములో కొంత నెఱవేఱెను, కొంత నెఱవేఱలేదు. నెఱవేఱని భాగము మనకు మిగిలియున్నది. మా విద్యార్థులలో కొందఱు రేపు వర్తకులగుదురు, కొందఱు ఉద్యోగులగుదురు, అనేకులు తల్లులును తండ్రులును అగుదురు. లేసు గాని చీర గాని కంబళి గాని కొనునపుడు, దాని పోగులను లెక్కించి తప్పులు వెదకుటకు ముందు, దానిని చేసిన చేతికి ఏమి ముట్టినదని విచారింపుడు. ఆరు నెలలు కన్నులు కాయలు కాచునట్లు అల్లిన శాలువ ఆఱు తులములే తూగవచ్చును. దానిని అల్లిన స్త్రీ కష్టము మాత్రము ఏ త్రాసునకు అందునది కాదు.