ఫొటోలో లేనిది ఉత్తరంలో ఉంది

మన బడి హెడ్మాస్టరు గది బయట వరసగా వేలాడే టెన్త్ గ్రూపు ఫొటోల్లో మా బ్యాచ్‌ది కూడా ఉంది. వెనక వరసలో ఎడమ చివర నేనుంటాను. నా పక్కన నిలబడాల్సిన మిత్రుడు అందులో లేడు. ఫొటోకి కట్టాల్సిన డబ్బు లేక వాడు ఆ రోజు బడికే రాలేదు. ఆ సంగతి ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు.

తర్వాత నేను ఫొటో స్టూడియో పెట్టుకుని బతికాను. ఈ వృత్తిలో మాకు ముందు నడిచిన పెద్దల గురించి చదువుతుంటే రోజర్ ఫెంటన్ తారసపడ్డాడు. తొమ్మిదో తరగతిలో సాంఘికం మాస్టారు క్రిమియా యుద్ధం పాఠం చెప్పినప్పుడు మనకు గుర్తుండిపోయింది ఫ్లారెన్స్ నైటింగేల్ ఒక్కతే. అదే యుద్ధానికి కెమెరా పట్టుకుని వెళ్లినవాడు ఫెంటన్. సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆయన గురించే రాయాలనిపించింది.

ఆయన 1819లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో పుట్టాడు. కలిగిన కుటుంబం. లండన్‌లో డిగ్రీ చదివాడు, లా చదివాడు, మధ్యలో పారిస్ వెళ్లి బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. 1843లో గ్రేస్ మేనార్డ్‌ను పెళ్లాడాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన తర్వాత ఆయన మనసు ఫొటోగ్రఫీ మీదికి మళ్లింది. మరుసటి ఏడాదే రష్యా వెళ్లి కీవ్, మాస్కో నగరాలను ఫొటోలు తీశాడు. 1853లో లండన్‌లో ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడితే దానికి మొదటి కార్యదర్శి ఆయనే. విక్టోరియా రాణి కుటుంబాన్ని కూడా ఫొటోలు తీశాడు.

1854 చలికాలంలో క్రిమియాలో ఆంగ్ల సైనికులు తిండి, బట్ట, మందు లేక చనిపోతున్నారని పత్రికలు రాశాయి. దేశమంతా అట్టుడికింది. ఆ సమయంలో ఆగ్న్యూ అనే ప్రచురణ సంస్థ యుద్ధరంగం ఫొటోలు తీసుకురమ్మని ఫెంటన్‌ను పంపింది. రాజకుటుంబం అండ కూడా దొరికింది. ఆయన సైన్యంలో ఉద్యోగి కాడు. భార్యను, పిల్లలను ఇంటి దగ్గర వదిలి, 1855 మార్చిలో బలక్లావా రేవులో దిగాడు.

వెంట ఇద్దరు సహాయకులు, 5 కెమెరాలు, 700 గాజు పలకలు, గుర్రాలు లాగే ఒక బండి. అంతకుముందు అది సారా వ్యాపారి బండి. దాన్నే డార్క్‌రూమ్‌గా మార్చాడు. అప్పటి పద్ధతిలో గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడిగేయాలి. ఎండలు ముదిరాక ఆ బండిలో నిలబడటమే నరకం. పైగా లేత రంగు బండి కావడంతో దూరం నుంచి కనబడి, శత్రువుల గుండ్లు దానివైపు వచ్చేవి. ఒక్కో ఫొటోకి కొన్ని సెకన్లపాటు ఎవరూ కదలకూడదు. కాబట్టి పోరాటాన్ని తీయడం సాధ్యం కాదు. గుడారాలు, రేవు, గుర్రాలు, కూర్చున్న అధికారులు, ఇవే తీశాడు. మూడు నెలల పైచిలుకులో దాదాపు 360 ఫొటోలు.

వాటిలో అందరికీ తెలిసినది ఏప్రిల్‌లో తీసిన లోయ ఫొటో. మనిషి లేడు, చెట్టు లేదు. నేల నిండా ఫిరంగి గుండ్లు. అదే చోట తీసిన మరో ఫొటోలో దారి మీద గుండ్లు లేవు. రెండింట్లో ఏది ముందుదో, గుండ్లను ఎవరైనా దారి మీదికి తెచ్చి పెట్టారో అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆయన ఫొటోల్లో శవాలు లేవు. అందుకే యుద్ధాన్ని అందంగా చూపించాడని కొందరు తప్పు పడతారు. ఒక ఫొటోగ్రాఫరుగా నాకూ మొదట అలాగే అనిపించింది. అయితే ఆయన అక్కడి నుంచి ఇంటికి, ప్రచురణకర్తకు రాసిన ఉత్తరాలు మిగిలాయి. సగం పూడిన అస్థిపంజరాల మధ్య నడిచిన సంగతి ఆ ఉత్తరాల్లో ఉంది. కెమెరా ముందు కూర్చోబెట్టలేని చావును ఆయన కలంతో ఇంటివాళ్లకు చెప్పాడు. చూడలేదని కాదు, ఫొటోలో పెట్టలేదు, అంతే. తప్పు పట్టేవాళ్ల మాట పూర్తిగా కొట్టేయలేను. కానీ ఆ ఉత్తరాల సంగతి తెలిశాక ఆయన్ని కళ్లు మూసుకున్నవాడని మాత్రం అనలేను.

జూన్ 18న సెవాస్టపోల్ మీద జరిగిన పెద్ద దాడి విఫలమైంది. ఆ నెలలోనే ఫెంటన్ కలరాతో ఇంటి దారి పట్టాడు. కోలుకుని ఎగ్జిబిషన్లు పెట్టాడు. జనం చూశారు గానీ, 1856లో యుద్ధం ముగిశాక ఫొటోలు కొనేవాళ్లు తగ్గిపోయారు. ఆ తర్వాత కోటలు, చర్చిలు, కొండలు, నదులు తీస్తూ మంచి పేరు తెచ్చుకున్నాడు.

1860లో ఆయన ఒక్కగానొక్క కొడుకు పసివాడుగానే చనిపోయాడు. 1862లో ఫెంటన్ కెమెరాలు, నెగటివ్‌లు అన్నీ అమ్మేసి, మళ్లీ వకీలు వృత్తిలోకి వెళ్లిపోయాడు. ఎందుకు మానేశాడన్నదానికి చాలా కారణాలు చెబుతారు. చవక స్టూడియోల పోటీ కూడా ఒకటంటారు. నేను మాత్రం ఆ రెండు తేదీల దగ్గరే ఆగిపోతాను. 1869లో, 50 ఏళ్లకే ఆయన కన్ను మూశాడు. ఫొటోలకు ఆయన ఇచ్చింది పట్టుమని పదకొండేళ్లు.

మిత్రులారా, స్వర్ణోత్సవం రోజు మన గ్రూపు ఫొటో తీసే పని నాకే అప్పగించారు. సంతోషం. ఒక చిన్న మనవి. ఫొటో మీ ఇంటికి చేరాక దాని వెనక, ఆ రోజు రాలేకపోయినవాళ్ల పేర్లు మీ చేతి రాతతో రాసి పెట్టండి. ఎందుకు రాలేదో తెలిస్తే అదీ రాయండి. టెన్త్ ఫొటో నా కాపీ వెనక నేను మొన్ననే ఒక పేరు రాశాను. నలభై ఏళ్ల కిందటే రాయాల్సింది.