వెండితెరపై పల్లెప్రజ: గూడవల్లి రామబ్రహ్మం

పురాణగాథలే తెలుగు చలనచిత్రాలకు ఆధారమైన కాలంలో సమకాలిక సమాజాన్ని తెరకెక్కించిన దర్శకులు గూడవల్లి రామబ్రహ్మం. 1902లో కృష్ణాజిల్లా నందమూరులో జన్మించిన ఆయన తొలుత 'ప్రజామిత్ర' పత్రికా సంపాదకులుగా పేరుగాంచారు.

చల్లపల్లి జమీందారు అండతో వెలసిన సారథీ ఫిలిమ్స్ పక్షాన 1938లో 'మాలపిల్ల' చిత్రానికి దర్శకత్వం వహించారు. చలం కథ ఆధారంగా బ్రాహ్మణ యువకుని, హరిజన యువతి ప్రణయాన్ని చిత్రించి అస్పృశ్యతను నిరసించారు. ఛాందసులు మండిపడినా ప్రజలు విశేషంగా ఆదరించారు.

మరుసటి ఏడు 'రైతుబిడ్డ' వెలువడింది. కర్షకుల కడగండ్లకు కారణమైన జమీందారీ పెత్తనాన్ని ఆ చిత్రం ఎండగట్టింది. జమీందారు ధనంతో నడిచే సంస్థ నుండే ఇట్టి చిత్రం రావడం అపూర్వం. ఇతర జమీందారులు ఆగ్రహించారు. కొన్ని ప్రాంతాలలో ప్రదర్శన నిషిద్ధమైంది. అందువల్ల ఆ చిత్రం చేరవలసిన రైతులలో ఎందరికో చేరలేకపోయింది.

'పల్నాటి యుద్ధం' నిర్మాణంలో ఉండగానే, 1946లో, 44 ఏండ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు. ఆ చిత్రాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేయగా 1947లో విడుదలైంది.

తనను పోషించే వర్గపు దోషాన్నైనా దాచకుండా చూపగల నిర్భీతి కళాకారునికి ఎంత అవసరమో రామబ్రహ్మం జీవితం మన విద్యార్థులకు బోధిస్తున్నది.