నేర్చుకున్నాకే నేర్పిన గురువు - ఆన్ సలివన్

హెలెన్ కెల్లర్ పేరు వినని చదువుకున్నవారు మనలో తక్కువే. చూపూ వినికిడీ లేకుండా పెరిగి, డిగ్రీ పుచ్చుకుని, పుస్తకాలు రాసి, దేశదేశాలు తిరిగిన ఆ మహిళ గురించి మన పిల్లలు పాఠాల్లో చదువుతూనే ఉన్నారు. కాని ఆమెకు చదువు చెప్పిన పంతులమ్మ ఎవరని అడిగితే చాలామంది పేరు చెప్పి ఆగిపోతారు. ఆ పంతులమ్మ ఎలా తయారైంది, తాను ముందు ఏం నేర్చుకుంది అన్నది ఎవరూ అడగరు. ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల ముందు నిలబడుతున్న మాకు అసలు అడగవలసిన ప్రశ్న అదే అనిపిస్తుంది. అందుకే ఈ సంచికలో ఆన్ సలివన్ జీవితాన్ని నాలుగు మాటల్లో చెప్పదలిచాము.

ఆమె 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫీడింగ్ హిల్స్ అనే పల్లెలో పుట్టింది. ఐర్లండ్ నుంచి బతుకుతెరువు కోసం వలస వచ్చిన నిరుపేద కుటుంబం. అయిదేళ్ళ వయసులో ఆ పిల్లకు ట్రకోమా అనే కంటి జబ్బు పట్టుకుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు. కనురెప్ప లోపలి వైపు గరుకెక్కి, రెప్ప వేసినప్పుడల్లా కంటిని గీరుతూ మెల్లమెల్లగా చూపు తీసేస్తుంది. ఇరుకిళ్ళు, మురికి, నీళ్ళ కరువు ఉన్నచోట ఇది కాపురం పెడుతుంది. మన దేశంలో కూడా తరతరాలు ఎందరి కళ్ళనో తినేసింది. భారతదేశంలో ప్రజారోగ్య సమస్యగా ఇది తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2024లోనే.

ఆనీకి ఎనిమిదేళ్ళప్పుడు తల్లి క్షయతో పోయింది. తండ్రి తాగుబోతు, పిల్లల్ని సాకలేక వదిలేశాడు. 1876లో ఆనీని, నడుం దగ్గర జబ్బుతో కుంటుతున్న తమ్ముడు జిమ్మీని టూక్స్‌బరీలోని సర్కారు బీదల ఆశ్రమానికి పంపించేశారు. ముసలివాళ్ళు, రోగులు, మతిస్థిమితం లేనివాళ్ళు, అందరూ ఒకేచోట ఉండే ఆశ్రమం అది. కొన్ని నెలలకే తమ్ముడు అక్కడే కన్నుమూశాడు. ఆనీ ఆ చోటే నాలుగేళ్ళు గడిపింది. బడి లేదు, పలక లేదు.

అంధులకు వేరే బడులున్నాయని ఆమె ఆశ్రమంలోనే ఎవరి నోటనో విన్నది. 1880లో రాష్ట్ర ధర్మసంస్థల అధికారులు తనిఖీకి వచ్చారు. మసక చూపుతో వాళ్ళ వెంట నడిచి నడిచి, చివరికి వాళ్ళకు అడ్డంపడి, తనకు బడికి పోవాలని ఉందని మొరపెట్టుకుంది. ఎవరి సిఫారసూ లేని పిల్ల తన నోటితో తానే అడిగి సంపాదించుకున్న చదువు అది. ఆ ఏడాది అక్టోబరులో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది.

అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు. చదవడం, రాయడం బొత్తిగా రాదు. తోటి పిల్లలు నవ్వారు. ఆమెకు కోపం ఎక్కువ, పెద్దలకు ఎదురుచెప్పేది కూడా. కాని బుర్ర చురుకైనది. కళ్ళకు ఆపరేషన్లు జరిగి అచ్చు అక్షరాలు చదవగలిగేంత చూపు వచ్చింది. ఆరేళ్ళలో చదువు ముగించి, 1886లో తన తరగతిలో మొదటి స్థానంలో నిలిచింది.

ఆ బడిలోనే ఆమెకు ఇంకొక విద్య అబ్బింది. లారా బ్రిడ్జ్‌మన్ అనే చూపూ వినికిడీ లేని స్త్రీ అక్కడే ఉండేది. పాఠశాల మొదటి అధిపతి డాక్టర్ శామ్యూల్ గ్రిడ్లీ హౌ 1837 నుంచి ఆమెకు భాష నేర్పించారు. తాళంచెవి, చెంచా వంటి వస్తువులకు ఉబ్బెత్తు అక్షరాల చీటీలు అంటించి వేళ్ళతో తడిమించేవారు. తరవాత ఒక చేతి వేళ్ళతో ఒక్కో అక్షరానికి ఒక్కో గుర్తు పెట్టి, ఎదుటివారి అరచేతిలో రాసే పద్ధతి నేర్పారు. లారాతో కబుర్లు చెప్పడానికని ఆనీ కూడా ఆ వేలి అక్షరాలు నేర్చుకుంది. అది ఎప్పుడు, ఎక్కడ పనికొస్తుందో అప్పటికి ఆమెకు తెలియదు.

ఆ ఏడే అలబామా రాష్ట్రంలోని టస్కంబియా నుంచి పెర్కిన్స్‌కు ఒక ఉత్తరం వచ్చింది. కెల్లర్ అనే పెద్దమనిషి కూతురు హెలెన్ 19 నెలల వయసులో జబ్బుచేసి చూపు, వినికిడి రెండూ పోగొట్టుకుంది. ఆమెకు ఒక ఉపాధ్యాయిని కావాలి. అధిపతి అనాగ్నోస్ గారు ఆనీని అడిగారు.

ఇక్కడ మన పాఠకులు కొంచెం ఆగి గమనించాలి. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే శిక్షణ ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. చేతిలో ఉన్నదల్లా వేలి అక్షరాలు, తన సొంత అనుభవం. అయినా ఆమె వెంటనే పెట్టె సర్దుకుని బయలుదేరలేదు. కొన్ని నెలలపాటు పెర్కిన్స్‌లో కూర్చుని, డాక్టర్ హౌ లారాకు ఏ రోజు ఏం నేర్పారో, ఎక్కడ పిల్ల తడబడిందో రాసిపెట్టిన నివేదికలన్నీ చదివింది. చదివితే కళ్ళు మండేవి. అయినా చదివింది. అదే ఆమె ట్రైనింగు. ముందు నడిచిన ఉస్తాదు అడుగులు చూసుకుని తరవాత తన అడుగు వేయడం అంటే ఇదే.

1887 మార్చి 3న ఆమె టస్కంబియా చేరింది. ఆమెకు ఇంకా 21 నిండలేదు. శిష్యురాలికి ఆరేళ్ళు దాటాయి. పెర్కిన్స్ పిల్లలు పంపిన బొమ్మ హెలెన్ చేతికిచ్చి, బొమ్మ అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె అరచేతిలో రాసింది. పిల్ల ఆటలాగా తిరిగి రాసింది గాని అర్థం ఎక్కలేదు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంటివాళ్ళ జాలి. పాపం గుడ్డిపిల్ల అని ఎవరూ అడ్డుచెప్పేవారు కాదు. భోజనాల దగ్గర అందరి పళ్ళేల్లో చేయిపెట్టి తినేది. కాదంటే కొట్టేది, గిల్లేది. ఈ గారాబం మధ్య చదువు సాగదని ఆనీ గట్టిగా చెప్పి, తోటలోని చిన్న ఇంట్లో పిల్లతో రెండు వారాలు ఒంటరిగా ఉంది. పిల్ల శాంతపడింది, మాట వినడం మొదలుపెట్టింది. అసలు పాఠం దాని తరవాతనే.

ఏప్రిల్ 5న చేతిపంపు దగ్గర ఏం జరిగిందో లోకమంతా ఎరుగును. గ్లాసుకీ నీళ్ళకీ తేడా పట్టుకోలేక తికమకపడుతున్న పిల్ల చేతిమీద చల్లటి నీళ్ళు పడుతుండగా, రెండో అరచేతిలో నీళ్ళు అన్న మాట రాసింది. ప్రతి వస్తువుకూ ఒక పేరుంటుందని పిల్లకు ఒక్కసారిగా తెలిసింది. ఆ సాయంత్రానికే పదుల సంఖ్యలో మాటలు నేర్చింది. కాని ఆ ఒక్క నిమిషం వెనక నెలల తరబడి చదివిన నివేదికలు, నెలరోజుల ఓర్పు ఉన్నాయన్నది మనం మరిచిపోరాదు.

తరవాత ఆమె చేసినది మా దృష్టిలో ఇంకా గొప్పది. హెలెన్ బంధువుల ఇంట్లో ఏడాది దాటిన పసిబిడ్డను చూస్తూ ఆమె ఒకటి గమనించింది. పసిపిల్లకు ఎవరూ ఒక్కో మాట విడివిడిగా పాఠం చెప్పరు. చుట్టూ అందరూ మాట్లాడుతుంటే విని పట్టుకుంటుంది. సరే, పసిదాని చెవిలో మాట్లాడినట్టే హెలెన్ అరచేతిలో మాట్లాడదామనుకుంది. ఆ రోజునుంచి టైముపెట్టి చెప్పే పాఠాలు తీసేసి, పొద్దస్తమానం పూర్తి వాక్యాల్లో ముచ్చటించడం మొదలుపెట్టింది. హౌ గారి పద్ధతి చదివింది, దానిని గౌరవించింది, అయినా ఎదుట ఉన్న పిల్లను చూసి మార్చుకుంది. శిక్షణ ఉంటేనే మార్చే ధైర్యం వస్తుంది.

నదీతీరాన గులకరాళ్ళతో ఆనకట్టలు కట్టించి, దీవులు, సరస్సులు చేయించి భూగోళం నేర్పింది. మట్టితో ఎత్తుపల్లాల పటాలు చేసి కొండలు, నదులు వేళ్ళతో తడిమించింది. పూసలు దారానికి గుచ్చించి లెక్కలు చెప్పింది. చూసే పిల్లలకు చెప్పేటప్పుడు కూడా ఇంత శ్రమ మనలో ఎందరం పడుతున్నాం?

1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కాలేజీలో చేరింది. నాలుగేళ్ళు సలివన్ పక్కన కూర్చుని, లెక్చరరు చెప్పిందంతా ఆమె చేతిలో రాసేది. బ్రెయిలీలో దొరకని పుస్తకాలు తాను చదివి వినిపించేది, అంటే అరచేతికి వినిపించేది. ఆ చదువులో శిష్యురాలికి 1904లో పట్టా వచ్చింది, గురువు కళ్ళు ఇంకా పాడయ్యాయి. 1905లో జాన్ మేసీ అనే రచయితను పెళ్ళాడింది, ఆ కాపురం ఎంతోకాలం నిలవలేదు. శిష్యురాలితో బంధం మాత్రం 49 ఏళ్ళు నిలిచింది. ఇద్దరూ ఊరూరా తిరిగి అంధుల సంస్థకు చందాలు పోగుచేశారు. 1932లో టెంపుల్ విశ్వవిద్యాలయం సలివన్‌కు గౌరవ పట్టా ఇచ్చింది. చివరి రోజుల్లో చూపు దాదాపు పూర్తిగా పోయింది. 1936 అక్టోబరు 20న ఆమె కన్నుమూసింది. హెలెన్ ఆమెను జీవితాంతం టీచర్ అనే పిలిచింది. 1955లో గురువు గురించి రాసిన పుస్తకానికి కూడా ఆ పేరే పెట్టింది.

ఆనీ దారి చూపేవాళ్ళు లేక తానే దారి వేసుకుంది. నేటి పంతుళ్ళకు ఆ కష్టం లేదు. మన దేశంలో 1992లో పునరావాస మండలి చట్టం వచ్చింది. ప్రత్యేక విద్యలో డిప్లొమా, బి.ఎడ్. కోర్సులు ఉన్నాయి. బ్రెయిలీ, తెల్లకర్రతో నడక, లెక్కల పలక, అన్నీ నేర్పుతారు. మన ఉర్దూ వారికి ఒక తమాషా సంగతి చెప్తాము. ఉర్దూ బ్రెయిలీ కూడా ఎడమనుంచి కుడికే చదవాలి. కాని బ్రెయిలీ పలకమీద సూదితో పొడిచేటప్పుడు ఏ భాషవారైనా కుడినుంచి ఎడమకే రాయాలి, కాగితం తిప్పి చదువుకోవాలి. అంటే రాసేటప్పుడు అందరూ ఉర్దూవాళ్ళే! అలవాటైన చేతులు మనకున్నాయి, నేర్చుకునే మనసు కావాలి.

మన ఇళ్ళల్లో చూపు లేని బిడ్డ ఉంటే జాలిపడి మూలన కూర్చోబెట్టకండి. మిఠాయి పెట్టి మురిపించడం కాదు, ట్రైనింగ్ పొందిన టీచరు దగ్గరికి చేర్చండి. బి.ఎడ్. చదవాలనుకునే మన అబ్బాయిలు, అమ్మాయిలు ఈ ప్రత్యేక శిక్షణ వైపు కూడా ఒకసారి చూడండి. మంచి మనసుంటే చాలు, చెప్పేయొచ్చు అనుకుంటే పొరపాటు. ఆన్ సలివన్‌కు మనసుతోపాటు కష్టపడి నేర్చిన విద్య ఉంది. అందుకే ఆమె చేతిలో ఒక బిడ్డ బతుకు వెలిగింది.